పాఠకుల ప్రశ్నలు: గాజులు ఇవ్వకుండా ఉపవాసం ఉంటే సరిపోతుందా?

పోయిన సంచికలో యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ గురించి రాశాను. 25 గంటల పాటు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం గురించీ, దానికి ముందు ఎలూల్ అనే నెలంతా జనం తమ నడవడిక తాము సరిచూసుకోవడం గురించీ చెప్పాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. హీబ్రూ నేర్చుకుంటామన్నవాళ్లు ఉన్నారు, సొంత బాధలు చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి కొన్నిటికే జవాబు రాస్తున్నాను. ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు వేయలేదు.

మేడమ్ గారూ, మా అమ్మ పోయాక నగలు పంచుకునేటప్పుడు అమ్మ చేతి గాజులు ఒక జత చెల్లికి చెప్పకుండా నేనే ఉంచేసుకున్నాను. తర్వాత వాటిని కరిగించి మా అమ్మాయి పెళ్లికి నెక్లెస్ చేయించాను. చెల్లి అడిగితే అలాంటి గాజులే లేవన్నాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. శనివారాలు ఉపవాసం ఉంటున్నాను, తిరుమల మెట్లెక్కి వచ్చాను, మనసు మాత్రం కుదుటపడటం లేదు. యూదుల ఉపవాసం మనం కూడా చేయొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, ఉపవాసం ఎవరైనా ఉండొచ్చు, అందులో అభ్యంతరమేమీ లేదు. కానీ మీ విషయంలో యూదుల ఉపవాసం కూడా పనిచేయదు. ఇది నా అభిప్రాయం కాదు, వాళ్ల గ్రంథమే చెప్తోంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో యోమ్ కిప్పూర్ గురించి ఉన్న భాగం చివర్లో స్పష్టంగా ఉంది: మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పుల్ని ఆ రోజు కడిగేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య జరిగినవాటిని మాత్రం ఎదుటి మనిషిని సమాధానపరచేదాకా కడగదు. అంటే దేవుడు కూడా మీ చెల్లెలి బదులు క్షమించేయడు. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను, ఎందుకంటే గుడికో చర్చికో వెళ్లి తేల్చేసుకోవచ్చనుకున్న లెక్కలు ఎన్ని ఉన్నాయో అప్పుడే గుర్తొచ్చింది.

12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మైమోనిడీస్ అనే పండితుడు ఈ పశ్చాత్తాపాన్ని మెట్లు మెట్లుగా విడగొట్టి రాశాడు. తప్పు మానేయాలి, ఇక చేయనని మనసులో గట్టిగా అనుకోవాలి, జరిగినదానికి బాధపడాలి, చేసింది నోటితో చెప్పాలి. ఇంకొకరి సొమ్ము తీసుకుని ఉంటే అది తిరిగివ్వాలి, ఇచ్చినంతమాత్రాన అయిపోదు, వెళ్లి క్షమాపణ కూడా అడగాలి. వాళ్లు క్షమించకపోతే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడగాలి, అప్పటికీ కాదంటే రెండోసారి, మూడోసారి. మూడుసార్లయ్యాక కూడా కరగకపోతే ఇక వదిలేయొచ్చు, అప్పుడు దోషం ఆ క్షమించనివాళ్లది. గాయపడినవాళ్లు రాయిలా కూర్చోకూడదని కూడా ఆయనే రాశాడు. నాకు ఇందులో బాగా నచ్చేది, ఇద్దరికీ పని పెట్టడం, పైగా దానికొక హద్దు ఉండటం. జీవితాంతం ఒకరి గుమ్మం ముందు దేబిరిస్తూ నిలబడమని ఆయన అనలేదు.

ఇక మీ గాజులు కరిగిపోయాయి కదా, తిరిగెలా ఇవ్వడం? ఈ ప్రశ్న కూడా పాతదే. ఒకడు దొంగిలించిన దూలం పెట్టి ఇల్లు కట్టేశాడు, ఇప్పుడేం చేయాలి అని, మిష్నా మీద పండితుల చర్చలు కూర్చిన తాల్ముద్‌లో చర్చ ఉంది. షమ్మాయ్ అనే గురువు శిష్యులు, ఇల్లంతా పడగొట్టి ఆ దూలమే తీసివ్వాలన్నారు. హిల్లెల్ అనే ఇంకో గురువు శిష్యులు మాత్రం దాని ధర ఇస్తే చాలన్నారు, ఎందుకంటే ఇల్లు కూల్చుకోవాల్సి వస్తుందంటే ఎవరూ తప్పు ఒప్పుకోవడానికే రారు, మారాలనుకునేవాడికి దారి మూయకూడదని. రెండు వేల ఏళ్ల కిందటి ఆలోచన ఇది, ఎంత దయ ఉందో చూడండి. కాబట్టి మీ అమ్మాయి మెడలోంచి నెక్లెస్ తీయక్కర్లేదు. ఆ గాజులు ఎన్ని తులాలో మీకు తెలుసు, ఇవాళ్టి బంగారం రేటు ప్రకారం మీ చెల్లెలి వాటా ఎంతో లెక్కగట్టి ఆ డబ్బు సిద్ధం చేసుకోండి. ఇవాళ్టి రేటు అన్నది నా మాట, అప్పటి రేటుతో లెక్క వేస్తే మీ మనసే ఒప్పుకోదని నాకనిపిస్తోంది.

తర్వాత మీరే వెళ్లండి. మీ ఆయన్నో తమ్ముణ్నో పంపకండి. పండక్కి చీర పెట్టి, అందులో కవరు పెట్టి, ఏమీ జరగనట్టు కలిసిపోవడం మన ఇళ్లల్లో బాగా అలవాటు, అది చేయకండి. ఆమెకి బంగారం పోయినదానికన్నా ‘అలాంటి గాజులే లేవు’ అని మీరు అబద్ధమాడినది ఎక్కువ తగిలి ఉంటుంది. ఇన్నాళ్లూ తనకే మతిపోయిందేమో, అమ్మ చేతికి గాజులు చూసినట్టు తానే ఊహించుకుందేమో అని అనుమానపడి ఉంటుంది పాపం. అందుకని గాజులు ఉన్నాయని, తీసింది మీరేనని, అబద్ధం చెప్పారని, ఈ మూడూ మీ నోటితోనే చెప్పండి. అమ్మాయి పెళ్లి ఖర్చుల సంగతి ఆ రోజు ఎత్తకండి.

ఆమె తలుపేసేయొచ్చు. అప్పుడు మీ ఇద్దరికీ గౌరవమున్న పిన్నినో బాబాయినో వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. ఇంకో మాట. పూర్తి పశ్చాత్తాపం ఎప్పుడు తెలుస్తుందంటే, అదే పరిస్థితి మళ్లీ ఎదురై, చేసే వీలుండి కూడా చేయకుండా ఉన్నప్పుడు అంటాడు మైమోనిడీస్. ఇంట్లో మళ్లీ పంపకాల మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఆ రోజు కాగితం మీ చేతిలోనే ఉంటే అన్నీ రాయండి.

నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో సంవత్సరం. హీబ్రూ నేర్చుకోవాలని ఉంది. రెండు వేల ఏళ్లు చచ్చిపోయిన భాష మళ్లీ బతికిందంటారు, నిజమేనా? తెలుగువాళ్లకి కష్టమా? – విద్యార్థి, హన్మకొండ

బాబూ, చచ్చిపోయిందనడం పూర్తిగా సరికాదు. ఇంట్లో పిల్లల్ని లాలించే భాషగా పోయింది కానీ ప్రార్థనలు, తీర్పులు, కవిత్వం, దూరదేశాల యూదులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, అన్నీ హీబ్రూలో నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో మాత్రం అరబిక్, యిడ్డిష్, లదీనో లాంటివి మాట్లాడుకునేవాళ్లు. 1881లో ఎలియెజర్ బెన్ యెహూదా అనే యువకుడు జెరూసలేం వచ్చి, తన ఇంట్లో హీబ్రూ తప్ప ఇంకో భాష వినపడకూడదని పట్టుబట్టాడు. మరుసటి ఏడాది పుట్టిన కొడుకు ఆ భాషతోనే పెరిగాడు. రోజూ వాడే ఎన్నో వస్తువులకు మాటలే లేవు, వెతికి, పాతవాటికి కొత్త పని అప్పజెప్పి, లేనివి తయారుచేశాడు. చుట్టుపక్కలవాళ్లు, ముఖ్యంగా పవిత్ర భాషతో సంతలో బేరాలా అని కోపగించినవాళ్లు, ఆయన్ని బాగా ఇబ్బందిపెట్టారు. కానీ ఒక్కడి వల్ల కాలేదు ఇది. వేరే వేరే దేశాల నుంచి వచ్చి ఒకరి మాట ఒకరికి అర్థంకాని జనం అక్కడ ఉన్నారు, హీబ్రూలో పాఠాలు చెప్పిన పంతుళ్లున్నారు, వాళ్ల బళ్లల్లో చదివిన పిల్లలున్నారు. ఆయన చనిపోయిన 1922లోనే అక్కడి బ్రిటిష్ పాలనలో హీబ్రూ అధికార భాషల్లో ఒకటయింది.

కష్టమా అంటే, లిపి ఒక వారం పని. 22 అక్షరాలు, కుడి నుంచి ఎడమకి రాస్తారు, అయిదింటికి మాట చివర్లో వేరే రూపం ఉంటుంది. మీ ఇంట్లో కానీ స్నేహితుడి ఇంట్లో కానీ తెలుగు బైబిలు ఉంటే 119వ కీర్తన తెరిచి చూడు. ఎనిమిదేసి వచనాలకి ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని శీర్షికలు కనిపిస్తాయి. అవి హీబ్రూ అక్షరాల పేర్లు. అసలు కవితలో ఆలెఫ్ కింద ఉన్న ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి, అలా 22 అక్షరాలకీ కలిపి 176 వచనాలు. ఆదివారం చర్చికి వెళ్లే తెలుగువాళ్లు లక్షల మంది ఈ అక్షరమాలని తెలియకుండానే చదివేస్తుంటారు.

ఉచ్చారణలో మనకో వాటం ఉంది. త్సాదె అనే అక్షరం చాలామంది విదేశీయుల్ని సతాయిస్తుంది, మనం మాత్రం ‘చాప’, ‘చుక్క’ అన్నప్పుడు పలికే చ అదే. గొంతులోంచి గరగరమని వచ్చే హేత్ దగ్గర కొంత సాధన కావాలి. వ్యాకరణంలో చిక్కు ఎక్కడంటే, ‘నువ్వు’ అనడానికి కూడా మగవాళ్లకి ఒక మాట, ఆడవాళ్లకి ఒక మాట, క్రియ కూడా దాన్నిబట్టే మారుతుంది. ఇప్పటి మాట్లాడే హీబ్రూలో మన ‘మీరు’ లాంటి గౌరవ వాచకం లేదు, పంతులమ్మని కూడా నువ్వనే అనాలి. అది అలవాటయ్యేదాకా తెలుగువాళ్లకి నాలిక తిరగదు.

అసలు కష్టం అచ్చులు. పత్రికల్లో, మామూలు పుస్తకాల్లో హల్లులే ఎక్కువగా ఉంటాయి. మనం గుణింతాలన్నీ తీసేసి ‘పల’ అని రాస్తే అది పాలా, పూలా, పులా అన్నది సందర్భాన్నిబట్టి తెలుసుకోవాలి కదా, దాదాపు అలా ఉంటుంది. అక్షరాల కింద, పైన చుక్కలు పెట్టే పద్ధతి తర్వాతి శతాబ్దాల్లో వచ్చింది, పిల్లల పుస్తకాల్లో, కవితల్లో, ప్రార్థన పుస్తకాల్లో అది వాడతారు, నువ్వు వాటితోనే మొదలుపెట్టు. ఈ చుక్కల్లేని చదువు వల్ల ఎంత తేడా వస్తుందో చెప్పే కథ ఒకటి తాల్ముద్‌లో ఉంది. రబ్బీ (మతగురువు) మెయిర్ ఇంటి దగ్గర రౌడీలు ఆయన్ని బాగా సతాయించేవాళ్లు. విసిగిపోయి వాళ్లు చచ్చిపోవాలని ప్రార్థించబోతే భార్య బెరూరియా ఆపింది. 104వ కీర్తన చివర్లో ఉన్న ఆ మాటని పాపులు పోవాలని కాకుండా పాపాలు పోవాలని చదవొచ్చు కదా, వాళ్లు మారాలని ప్రార్థించు అంది. ఆయన అలాగే చేశాడు, వాళ్లు మారారని కథ. నాకు హీబ్రూ మీద ప్రేమ కలిగింది ఈ బెరూరియా వల్లే, ఇంట్లో భర్త తప్పుగా కోపగించుకుంటే పద్యం చేతికిచ్చి సరిదిద్దిన మనిషి.

రోజుకి అరగంట చాలు, కానీ రోజూ. బైబిలు హీబ్రూ కావాలా, ఇవాళ టెల్ అవీవ్ బస్సులో మాట్లాడే హీబ్రూ కావాలా ముందే తేల్చుకో, రెండూ అక్కాచెల్లెళ్లే కానీ పాఠ్యపుస్తకాలు వేరు. మూలగ్రంథాలు సెఫారియా అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చాలావాటికి పక్కనే ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంటుంది.

హీబ్రూ అక్షరాల సంఖ్యలతో మన భవిష్యత్తు చెప్పే కోర్సు అంటూ మా ఊళ్లో ఒకాయన డబ్బు కట్టించుకుంటున్నారు. ఇది యూదుల శాస్త్రమేనా? – ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

ప్రతి హీబ్రూ అక్షరానికీ ఒక సంఖ్య విలువ ఉన్నది నిజమే. ఆ సంఖ్యలు కూడి ఒక మాటకీ ఇంకో మాటకీ సంబంధం చూపే పద్ధతిని గెమాత్రియా అంటారు, పాత వ్యాఖ్యానాల్లో బాగా కనపడుతుంది. కానీ మిష్నాలోనే దాని స్థానం ఏమిటో చెప్పేశారు, గెమాత్రియా వంటివి జ్ఞానానికి పక్కన నంజుకునేవి మాత్రమేనని. భోజనం వేరే ఉంది. మీ ఉద్యోగం, మీ అమ్మాయి సంబంధం, లాటరీ నంబరు అందులో లేవు. కట్టిన డబ్బు తిరిగొస్తే తీసుకోండి.

అండీ, వారానికి ఒకరోజు పూర్తి విశ్రాంతి అని షబ్బాత్ గురించి గొప్పగా రాశారు. బాగానే ఉంది. ఆ రోజు వంట ఎవరు చేస్తారు? – గృహిణి, నెల్లూరు

ఈ ప్రశ్న ఒక్క ఆడవాళ్లే అడిగారు, మగవాళ్లెవరూ అడగలేదు. జవాబు ఏమిటంటే, శనివారం వంట అసలు చేయరు, ఎవరూ చేయకూడదు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా నిప్పు వెలిగించడం, వండటం, రాయడం, కుట్టడం వంటి 39 రకాల పనులు నిషిద్ధం. తినేది శుక్రవారం సాయంత్రంలోపే వండేస్తారు. మాంసం, బీన్స్, బార్లీ, దుంపలు కలిపి సన్నటి సెగ మీద రాత్రంతా వదిలేసే కూర ఒకటుంది, చోలెంత్ అంటారు కొందరు, హమీన్ అంటారు ఇంకొందరు, మర్నాడు మధ్యాహ్నం అది వేడిగా తింటారు.

కానీ మీరు అడిగింది అది కాదని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే శుక్రవారం పని రెట్టింపవుతుంది, చాలా ఇళ్లల్లో అది ఆడవాళ్ల మీదే పడుతుంది. ఇక్కడ ధర్మానికీ ఇంటికీ మధ్య దూరం ఉంది. తాల్ముద్‌లో మాత్రం పెద్ద పెద్ద పండితులే షబ్బాత్ కోసం స్వయంగా కట్టెలు చీల్చారని, చేపకి ఉప్పు పట్టించారని, దీపాలు సిద్ధం చేశారని పేర్లతో సహా రాసి ఉంది. మీ ఇంట్లో ఆదివారం విశ్రాంతి అని ఎవరైనా అంటే ఆ పేజీ చూపించండి.

నన్ను పట్టి ఆపే మాట ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయంలో ఉంది. నీవు, నీ కొడుకు, నీ కూతురు అని మొదలుపెట్టి, నీ దాసుడు, నీ దాసి కూడా నీలాగే విశ్రమించాలని చెప్పి, ఎద్దునీ గాడిదనీ కూడా వదల్లేదు. నువ్వూ ఒకప్పుడు ఈజిప్టులో బానిసవే, గుర్తుంచుకో అంటుంది. అంటే విశ్రాంతి అన్నది మనం సోఫాలో కాళ్లు చాపుకుని పనిమనిషిని టీ అడగడం కాదు. ఆ అమ్మాయికి జీతం కోయకుండా వారానికి ఒకరోజు సెలవిస్తున్నామా? హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఇస్తున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. ఇంకొకటి, ఎవరి ప్రాణానికైనా ప్రమాదముంటే షబ్బాత్ నిషేధాలు పక్కన పెట్టేయాలి, పెట్టొచ్చు అని కాదు, పెట్టాలి.

మా నాన్నగారు పోయారు. పరామర్శకి వచ్చినవాళ్లంతా ‘ధైర్యంగా ఉండు’, ‘వయసైపోయింది కదా’, ‘ముందే ఆస్పత్రి మార్చాల్సింది’ అంటున్నారు. కోపమొస్తోంది. – రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

కోపం రావడం సహజమే, ముఖ్యంగా ఆ ఆస్పత్రి మాటకి. యూదుల ఇళ్లల్లో దగ్గరివాళ్లు పోతే ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారు, కింద కానీ ఎత్తు తక్కువ పీటల మీద కానీ. వచ్చినవాళ్లు పలకరింపులు చేయరు. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదన్నది నియమం. యోబు గ్రంథంలో స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతో పాటు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదని ఉంది కదా, అక్కడి నుంచి తీసుకున్నారు. ఆ స్నేహితులు ఆ తర్వాత నోరు తెరిచి సలహాలివ్వడం మొదలుపెట్టాకే అంతా చెడిపోయింది. ఖననం తర్వాత మొదటి భోజనం ఇంటివాళ్ల సొంత తిండి అయి ఉండకూడదు, ఇరుగుపొరుగు తేవాలి.

తల్లిదండ్రుల కోసం పిల్లలు 11 నెలలు కద్దీష్ అనే ప్రార్థన చెప్తారు. అందులో చావు మాటే లేదు, అంతా దేవుడి పేరు గొప్పదవ్వాలన్న స్తుతి. సంప్రదాయం ప్రకారం ఒంటరిగా చెప్పకూడదు, పదిమంది ఉండాలి. అంటే ఆ 11 నెలలూ ఆ మనిషి ఇల్లు కదిలి నలుగురి మధ్యకి రావాల్సిందే, ఆ పదిమందీ ఇతని కోసం రావాల్సిందే. మీరు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. మీ దగ్గరి స్నేహితుణ్ని ఒకణ్ని పిలిచి, నువ్వు సలహా ఏమీ ఇవ్వకు, వచ్చి పక్కన కూర్చో, నాన్న సంగతులు చెప్తాను విను అని అడగండి. అడిగితే వస్తారు.

హాయ్ అండీ, నేను డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పర్సనాలిటీ పుస్తకాలు చాలా చదివాను, అలవాట్లు గుర్తుచేసే యాప్‌లు ఫోన్ నిండా ఉన్నాయి. ఏదీ రెండు వారాలు దాటదు. ముఖ్యంగా టీమ్ మీద, ఇంట్లో పిల్లల మీద కోపం. యూదుల దగ్గర దీనికేమైనా పద్ధతి ఉందా?

ఉంది, దాని పేరు ముసార్. గమ్మత్తేమిటంటే అందులో ఒక భాగం మీ అమెరికా నుంచే వెళ్లింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాలు రాసుకుని వారానికి ఒకదాని మీద దృష్టి పెట్టి, ప్రతి రాత్రి ఎక్కడ తప్పానో చిన్న గళ్ల పుస్తకంలో గుర్తు పెట్టుకునేవాడు. 13 వారాలు నాలుగుసార్లు తిరిగితే ఏడాది. ఈ పద్ధతి తూర్పు ఐరోపాలో మెనహెమ్ మెండెల్ లెఫిన్ అనే యూదు రచయితకి నచ్చి, 1808లో హీబ్రూలో పుస్తకంగా రాశాడు. ఆ తర్వాత లిథువేనియాలో రబ్బీ ఇజ్రాయెల్ సలాంటర్ దాన్ని ప్రోత్సహించి, నడవడిక చదువుని ఒక ఉద్యమంలా నడిపించాడు. ఆయన గురించి చెప్పుకునే కథ ఒకటి మీ కోసమే. పస్కా పండక్కి చేసే పులియని రొట్టెల తయారీని ఆయనే స్వయంగా దగ్గరుండి చూసుకునేవాడు, ఆలస్యమైతే పిండి పులుస్తుంది కాబట్టి అక్కడ చాలా కట్టుదిట్టం. ఒక ఏడాది ఆయనకి ఒంట్లో బాగోక శిష్యులు వెళ్తూ, ఏ నియమం విషయంలో ముఖ్యంగా జాగ్రత్తపడాలి అని అడిగారు. పిండి కలిపే ఆమె విధవరాలు, తొందరలో ఆమె మీద అరవకండి అన్నాడట. రిలీజ్ డెడ్‌లైన్ రోజు ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది మైమోనిడీస్ చెప్పిన లెక్క. వెయ్యి నాణేలు ఒకేసారి ఒకడికి ఇచ్చేయడం కన్నా, ఒక్కో నాణెం చొప్పున వెయ్యిసార్లు ఇస్తే ఇచ్చే గుణం మనిషిలో స్థిరపడుతుందంటాడు. మీరు జనవరి ఒకటిన వెయ్యి నాణేలు ఇచ్చే రకమని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఒకటే పట్టుకోండి. సాయంత్రం పిల్లలు హోంవర్క్‌కి కూర్చునే ఆ ఒక్క గంట గొంతు పెంచను, అంతే, మూడు నెలలు ఇంకేమీ పెట్టుకోవద్దు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, మీ యాప్‌లలో లేనిది. యూదుల చదువు ఒంటరిగా సాగదు. ఇద్దరేసి కూర్చుని గట్టిగా చదువుతూ, ఒకరి మాట ఒకరు ఖండించుకుంటూ చదువుతారు, హవ్రుతా అంటారు. మూడో శతాబ్దంలో రబ్బీ యోహనాన్, రేష్ లాకీష్ అని అలాంటి జంట ఉండేది. రేష్ లాకీష్ ఒకప్పుడు దారిదోపిడీలు చేసినవాడు, యోహనాన్ అతన్ని చదువులోకి తెచ్చి తన చెల్లెల్నిచ్చి పెళ్లి చేశాడు. ఏళ్ల తరబడి కలిసి చదివారు. ఒకరోజు కత్తులు, బాకుల గురించి ఏదో వాదన వస్తే, యోహనాన్ నోరుజారి ‘దొంగకి దొంగ పనిముట్లు తెలుసులే’ అన్నాడు. ఆ మాట తగిలి ఇద్దరి మధ్యా తెగిపోయింది, రేష్ లాకీష్ మంచంపట్టి చనిపోయాడు. యోహనాన్ కుమిలిపోతుంటే ఊరట కోసం ఇంకో మంచి పండితుణ్ని తోడు పంపారు. యోహనాన్ ఏది చెప్పినా అతను, మీరన్నదానికి ఫలానా చోట ఆధారం ఉంది అంటూ వచ్చాడు. యోహనాన్ విసిగిపోయాడు: నేను ఒక మాటంటే రేష్ లాకీష్ 24 అభ్యంతరాలు చెప్పేవాడు, నేను 24 జవాబులు వెతికేవాణ్ని, అలా విషయం విచ్చుకునేది, నేను చెప్పింది సరైందేనని నాకు తెలియదా, అది నువ్వు చెప్పాలా? బట్టలు చింపుకుని అతని పేరు పిలుస్తూ తిరిగి తిరిగి మతిపోయి చనిపోయాడు.

నేనూ నా స్నేహితురాలూ ఆదివారం పొద్దున ఫోన్లో మిష్నా చదువుకుంటాం. నేను ఏదైనా అందంగా వ్యాఖ్యానం చెప్పగానే, అది పుస్తకంలో ఎక్కడుందే అంటుంది. ఒక్కోసారి గుండె మండుతుంది, కానీ ఆ ప్రశ్న లేకపోతే నేను నాకు నచ్చినవే చదువుకుంటూ ఉండేదాన్ని. మీ యాప్ మీకు ఆధారాలు చూపించే పండితుడే, గోల చేసి గుర్తు చేస్తుంది కానీ ఎదురు చెప్పదు. మీ కోపం సంగతి తెలిసిన మనిషి, భార్య కాకుండా ఇంకొకరైతే మేలు, వారానికి ఒకసారి ఫోన్ చేసి ఈ వారం ఎన్నిసార్లు అరిచావురా అని అడిగేవాణ్ని వెతుక్కోండి. మీరూ అతన్ని అతని సంగతి అడగండి. ఇప్పటిదాకా మీరు ఎవరి మీద అరిచారో ఆ పిల్లల విషయంలో మాత్రం పైన తెనాలి అమ్మకి రాసిందే మీకూ వర్తిస్తుంది, చిన్నపిల్లలని వదిలేయకండి, ఏ రోజు ఏమన్నారో చెప్పి క్షమించమని అడగండి.

గుంటూరు దగ్గర యూదులున్నారని విన్నాను. నిజమా? వెళ్లి చూడొచ్చా? – ఒక పాఠకుడు, మంగళగిరి

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం ఉంది. మాదిగ నేపథ్యం నుంచి వచ్చిన కుటుంబాలు, చాలామంది ఒకప్పుడు క్రైస్తవులు. తమ పూర్వీకులు ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిముకి చెందినవాళ్లని నమ్ముతారు. వాళ్లకో ప్రార్థనా మందిరం ఉంది, షబ్బాత్ పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. ఇజ్రాయెల్ మత పెద్దలు వాళ్లని పుట్టుకతో యూదులుగా గుర్తించలేదు. కేరళ కొచ్చిన్ యూదులది, మహారాష్ట్ర బెనే ఇజ్రాయెల్‌ది వేరే చరిత్ర, శతాబ్దాల నాటిది. కేరళలోని చేందమంగలంలో 1269 నాటి హీబ్రూ సమాధి రాయి కూడా దొరికింది.

వంశం రుజువవుతుందా లేదా అన్న చర్చలో నాకు ఆసక్తి తక్కువ. కులం పేరుతో తక్కువ చేసిన లోకంలో, తమ చరిత్ర తామే రాసుకుంటాం, కష్టమైన భాషొకటి నేర్చుకుని మా పిల్లలకి నేర్పుతాం అని పూనుకున్న మనుషులంటే నాకు గౌరవం. వెళ్లాలనుకుంటే ముందు కబురు పెట్టి, వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. శుక్రవారం సాయంత్రం, శనివారం ఫోన్ తీసి ఫొటోలు తీయకండి. ఊరికే చూసి రావడానికైతే వద్దు, ఏదైనా నేర్చుకోవాలని ఉంటే ఆ మాటే చెప్పి అడగండి.